దస్తావేజు లేని వారసత్వం

పొలం, ఇల్లు, ఒక్కొక్కప్పుడు అప్పు – ఇవన్నీ తండ్రి నుండి బిడ్డలకు కాగితాల మూలంగా సంక్రమిస్తాయి. ఏ కాగితమూ లేకుండా సంక్రమించేది మరొకటున్నది. అది రక్తంలో కొలెస్టరాల్‌ను పెంచే జన్యులోపం.

మన ఏలూరులోగాని, తాడేపల్లిగూడెంలోగాని నలభై ఏళ్లు నిండని మనిషి గుండెపోటుతో పోతే "తిండి దోషం" అనో, "రాత" అనో అంటారు. అతని తండ్రీ, పినతండ్రీ అదే ఈడున పోయిన సంగతి ఎవరికీ స్ఫురించదు. ఈ వ్యాధి కుటుంబాలలో పారంపర్యంగా వస్తున్నదని 1938లోనే నార్వే వైద్యుడు కార్ల్ ముల్లర్ వివరించాడు. దాని మూలాన్ని కనుగొన్న అమెరికా శాస్త్రజ్ఞులు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి లభించింది.

వారు కనుగొన్నది కొల్లేటివాసులకు సులభంగా బోధపడుతుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రం చేరాలి. ఉప్పుటేరు పూడితే, ఏరులు మామూలుగా పారినా లంకలు మునుగుతాయి. రక్తంలోని కొలెస్టరాల్‌కు కాలేయమే ఉప్పుటేరు. దానిని లోనికి లాగుకొనే గ్రాహకాల జన్యువు చెడితే, పుట్టుకనాటి నుండే రక్తంలో కొలెస్టరాల్ పేరుకొంటుంది. అందుచేత బక్కపలుచని యువకునికి సైతం ఈ ప్రమాదం తప్పదు. పథ్యం మంచిదే, అదొక్కటే చాలదు.

సుమారు 250 మందిలో ఒకరికి ఈ లోపం ఉన్నదని నేటి అంచనా. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. ఇద్దరికీ ఉంటే నాలుగింట ఒక వంతు అవకాశం మేరకు బిడ్డకు అది రెండు వైపుల నుండీ వస్తుంది. అట్టి బిడ్డకు చిన్ననాటనే మోచేతులపై, మడమల వెనుక పసుపు పచ్చని గడ్డలు లేస్తాయి. యౌవనంలోనే గుండె దెబ్బతింటుంది. హిందువుల మేనరికాలు, మా ముస్లిములలో అన్నదమ్ముల బిడ్డల వివాహాలు ఈ ప్రమాదాన్ని పెంచుతాయి. మాట చేదైనా చెప్పక తప్పదు.

సంబంధాలు రావని జబ్బును దాచే పెద్దలున్నారు. దాచినది మానదు. జపాను శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో 1970 దశకంలో బూజు నుండి తీసిన మందుతో ఆరంభమైన స్టాటిన్లు నేడు ప్రతి పట్టణంలోనూ దొరుకుతున్నవి. కావలసినది ఒక్క రక్తపరీక్ష.

కళాశాల పాలకవర్గానికి నా మనవి: ఇంట చిన్నవయస్సులో గుండెపోటు వచ్చిన విద్యార్థులకు ఏటా ఈ పరీక్ష చేయించండి, ఫలితాన్ని గోప్యంగా ఉంచండి. విద్యార్థులారా, పెద్దల నుండి వచ్చిన లోపానికి మీరు బాధ్యులు కారు. తెలిసి తోబుట్టువులకు చెప్పకుంటే మాత్రం బాధ్యులే.