పాట ముగిశాక ఎటు నడుద్దాం?

డిసెంబరు మొదటి వారం దాటిందంటే చాలు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాల్లో చర్చి ఆవరణలు, స్కూలు మైదానాలు రాత్రిపూట వెలిగిపోతుంటాయి. సెమీ క్రిస్మస్ కూడికలు, యౌవనస్థుల సంగీత కార్యక్రమాలు వరుసగా మొదలవుతాయి. హైదరాబాదు నుంచి గాయకులు వస్తారు. కీబోర్డు, గిటార్లు, డ్రమ్స్‌తో పాటు మనిషి ఎత్తు సౌండు బాక్సులు దిగుతాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో, ట్రాక్టర్లలో, మోటారు సైకిళ్లపై జనం తరలివస్తారు. శాలువా కప్పుకొని, పసిబిడ్డను ఎత్తుకొని, చలిలో రెండు గంటలు నిలబడి వినే తల్లులూ ఉంటారు. వీరంతా ఏడాది పొడవునా ఆ పాటలను సెల్‌ఫోనులో విన్నవారే. ప్రతి చరణం కంఠతా వచ్చినవారే. అయినా ఎదురుగా వేదికపై మొదటి డ్రమ్ము దెబ్బ పడగానే ఒళ్లు పులకరిస్తుంది, కళ్లు చెమ్మగిల్లుతాయి.

ఈ పులకింత గురించి మన సంఘాల్లో రెండు రకాల మాటలు వినబడుతున్నాయి. ఇది సినిమా హంగామా, లోకం చర్చిలోకి వచ్చేసిందని పెద్దలు బాధపడుతున్నారు. పాత పద్ధతిలో కీర్తన సాగదీసి పాడితే ఎవరు వింటారని యౌవనస్థులు అడుగుతున్నారు. ప్రతి డిసెంబరులోనూ సంఘ కమిటీల్లో ఈ వాదన జరుగుతూనే ఉంది. కొన్ని చోట్ల మనసులు విరిగేదాకా వెళ్తోంది కూడా. కాబట్టి దీన్ని వాక్యపు వెలుగులో నిదానంగా ఆలోచించడం మంచిది.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఎదురుగా విని పులకరించడం పాపం కాదు. మనల్ని సృష్టించినవాడే మన శరీరాన్ని అలా నిర్మించాడు. డ్రమ్ము నుంచి వచ్చే మంద్ర ధ్వని చెవికి మాత్రమే కాదు, ఛాతీకి కూడా తెలుస్తుంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ఒక సంగతి ప్రచురించారు. బృందంగా పాడేవారు పాట ప్రకారం ఒకేసారి ఊపిరి తీసి వదులుతారు గనుక, వారి గుండె వేగం కూడా కలిసి పెరిగి కలిసి తగ్గుతుందట. వెయ్యిమంది ఒకే పల్లవి అందుకున్నప్పుడు మనం ఒంటరివాళ్లం కామని అనిపించడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

2020లో లాక్‌డౌన్ వచ్చి చర్చి తలుపులు మూతపడినప్పుడు మనం ఫోనులో ఆరాధన చూశాం. పాట అదే, ప్రసంగం అదే. దేవుడు అప్పుడూ మనతోనే ఉన్నాడు. అయినా ఏదో వెలితి. పక్కన కూర్చుని శ్రుతి తప్పి పాడే అవ్వ గొంతు వినబడలేదు. అపొస్తలుడైన యోహాను కూడా ఈ వెలితి ఎరిగినవాడే. రాయవలసిన సంగతులు ఎన్నో ఉన్నా కాగితం, సిరా చాలవనీ, ముఖాముఖిగా కలుసుకుంటేనే సంతోషం సంపూర్ణమవుతుందనీ ఆయన తన రెండవ పత్రిక చివర చెప్పాడు (2 యోహాను 12). ఉత్తరం ఆయన రాశాడు, అది వాక్యమై మన చేతిలో ఉంది. కానీ ఆ ఉత్తరంతోనే తృప్తిపడలేదు.

క్రిస్మస్ అంటే అదే కదా! ప్రవక్తల ద్వారా ఎన్నో తరాలు మాట్లాడిన దేవుడు చివరికి కుమారుని ద్వారా మాట్లాడాడని హెబ్రీ పత్రిక మొదట్లోనే చదువుతాం. వాక్యం శరీరధారి అయింది. దూరం నుంచి కబురు పంపి ఊరుకోక, పశువుల తొట్టెలో పసికందుగా మన మధ్యకే వచ్చాడు. ఎదురుగా చూడాలి, దగ్గరగా వినాలి అనే తపన మనిషిలో పెట్టినవాడు ఆయనే, ఆ తపనను తీర్చినవాడూ ఆయనే. అందుకని గాయకుణ్ణి ఎదురుగా చూడాలని చలిలో నడిచి వచ్చే పిల్లవాణ్ణి చులకన చేయవద్దని పెద్దలకు మేము మనవి చేస్తున్నాం.

కొత్త వాద్యం మీద, కొత్త వేదిక మీద అనుమానం ఈనాటిది కాదు. హాండెల్ కూర్చిన ‘మెస్సయ్య’ను నేడు లోకమంతా భక్తితో వింటోంది. అది 1742 ఏప్రిల్ 13న మొదటిసారి డబ్లిన్ నగరంలో వినబడింది. అదీ చర్చిలో కాదు, ఫిషాంబుల్ వీధిలోని ఒక సంగీతశాలలో. ఆ నగరంలోని సెయింట్ పాట్రిక్ కెథెడ్రల్ పెద్ద జొనాథన్ స్విఫ్ట్ తమ గాయకులు అలాంటి చోట పాడకూడదని మొదట అడ్డుపడ్డాడు, తరువాత మెత్తబడ్డాడు. ‘సైలెంట్ నైట్’ పాట 1818 డిసెంబరు 24 రాత్రి ఆస్ట్రియాలోని ఒబెర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊరి చర్చిలో గిటారు తోడుగా పుట్టింది. ఆ రోజుల్లో ఆరాధనలో గిటారు మామూలు వాద్యం కాదు. ఇప్పుడు ఆ పాట లేని క్రిస్మస్‌ను ఊహించలేం.

అమెరికాలో ట్రాన్స్-సైబీరియన్ ఆర్కెస్ట్రా అనే బృందం 1999 నుంచి శీతాకాలంలో ఊరూరా తిరుగుతూ క్రిస్మస్ కథలను రాక్ సంగీతంలో వినిపిస్తోంది. దాన్ని స్థాపించిన పాల్ ఓనీల్ 2017లో మరణించినా ఆ ప్రదర్శనలు ఆగలేదు. తాత, తండ్రి, మనవడు ఒకే వరుసలో కూర్చుని వినడం అక్కడ పండుగ ఆనవాయితీ అయింది. వారి పేరుపొందిన వాద్యగీతం 1990లలో యుద్ధంలో నలిగిన సరయేవో నగరాన్ని తలచుకొని చేసింది. అందులో మారుమోగే బాణీ ఉక్రెయిన్ స్వరకర్త లియొంతోవిచ్ కూర్చగా 1916లో కీవ్ నగరంలో మొదటిసారి పాడిన బృందగీతం. శతాబ్దం నాటి పల్లె బాణీ ఎలక్ట్రిక్ గిటార్లమీద మోగినా దాని అందం చెడలేదు.

ఆ ఉక్రెయిన్ నేలతో పాలమూరు సంఘాలకు ఒక పాత బంధం ఉంది. మన ప్రాంతంలో ఎక్కువగా ఉన్న మెన్నొనైట్ బ్రదరెన్ సంఘం అక్కడే పుట్టింది. 1860 జనవరి 6న మొలొచ్నా అనే ప్రాంతంలో కొన్ని కుటుంబాల పెద్దలు కొత్త సంఘానికి సంతకాలు చేశారు. అది అప్పుడు రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది, నేటి ఉక్రెయిన్‌లో ఉంది. ఎండిపోయిన ఆచారభక్తితో విసిగిన ఆ విశ్వాసులకు రక్షణానందం కొత్తగా దొరికింది. ఆ ఆనందం పట్టలేక వాద్యాలు తెచ్చారు, డోలు కొట్టారు, చప్పట్లు చరిచారు, గంతులు వేశారు. ఇరుగుపొరుగు విస్తుపోయారు. అంటే, ఈనాడు యౌవనస్థుల డ్రమ్స్‌ను చూసి నొచ్చుకుంటున్న మన సంఘం, ఒకప్పుడు తానే అలాంటి చప్పుడుతో తొలి అడుగులు వేసిందన్నమాట!

అయితే ఆ కథ అక్కడితో ఆగలేదు. కొందరు ఆనందమే ఆత్మానుసారమైన జీవితానికి గుర్తు అన్నారు. తమలా గంతులు వేయనివారిని తక్కువగా చూశారు. స్వేచ్ఛ పేరుతో క్రమశిక్షణ సడలింది. చివరికి 1865 జూన్‌లో సంఘం కూర్చుని దిద్దుబాటు చేసుకుంది. గంతులు, డోలు హోరు మానుకోవాలని, వాద్యాలను ఇతరులకు ఇబ్బంది లేకుండా ఇంపుగా వాయించుకోవాలని నిర్ణయించింది. సంగీతాన్ని పారవేయలేదు, దానికి గట్టు కట్టింది. అదే సంఘపు మిషనరీలు 1899లో హైదరాబాదు సంస్థానానికి వచ్చారు. తరువాతి దశాబ్దాల్లో నాగర్‌కర్నూలు, వనపర్తి కేంద్రాలుగా సేవ చేశారు. గద్వాలలో మొదట పనిచేసిన అమెరికన్ బాప్టిస్టుల పొలం కూడా కాలక్రమంలో వారి చేతికి వచ్చింది. నదికి గట్టు ఎందుకో కృష్ణా, తుంగభద్రల మధ్య నడిగడ్డలో బతికే గద్వాల వారికి వేరే చెప్పాలా? గట్టు లేకుంటే చేను మునుగుతుంది, నీరే లేకుంటే చేను ఎండుతుంది.

కాబట్టి ఇప్పుడు యౌవనస్థులతో నాలుగు మాటలు. మీ పులకింతను మేము తప్పుపట్టడం లేదు. అది మిమ్మల్ని ఎటు నడిపిస్తోందని మాత్రం అడుగుతున్నాం. బేత్లెహేము పొలంలో రాత్రివేళ గొర్రెల కాపరులు విన్న పరలోక సమూహపు స్తోత్రాన్ని మించిన సంగీత కార్యక్రమం ఈ భూమిమీద ఎప్పుడైనా జరిగిందా? టిక్కెట్టు లేదు, ముందు వరుసలో ప్రముఖుల కుర్చీలు లేవు. కూలికి మంద కాచే బీదలే శ్రోతలు. ఆ కాపరులు మళ్లీ పాడమని అడుగుతూ ఆకాశంవైపు చూస్తూ నిలబడిపోలేదు. దూతలు వెళ్లిపోగానే, పదండి బేత్లెహేముకు అనుకున్నారు (లూకా 2:13-20). త్వరగా వెళ్లారు, శిశువును చూశారు, చూసినది నలుగురికీ చెప్పారు, దేవుణ్ణి స్తుతిస్తూ తమ మంద దగ్గరకే తిరిగి వెళ్లారు. పాట వారిని ప్రభువు దగ్గరకు నడిపింది, ప్రభువు వారిని తిరిగి వారి పనిలోకి పంపాడు.

మన కార్యక్రమాలకు కూడా ఇదే కొలత. మరునాడు ఉదయం పత్తి చేనుకో, వేరుశనగ చేనుకో, మగ్గం గుంటలోకో వెళ్లినప్పుడు రాత్రి విన్న పాట నోట ఉందా? లేక గాయకుడితో దిగిన ఫొటో మాత్రమే మిగిలిందా? వేదికపై వారు పాడుతుంటే మనం సెల్‌ఫోను ఎత్తి పట్టుకుని చూసి వచ్చేస్తే, సంఘం కాస్తా ప్రేక్షకుల గుంపవుతుంది. ఆమోసు ప్రవక్త కాలంలో వాద్యాలకు, పాటలకు కొదువ లేదు. న్యాయం మాత్రం కరువైంది. అందుకే ఆ పాటల ధ్వని తనకు వద్దన్నాడు దేవుడు, నీతి న్యాయాలు ఏరులై పారాలన్నాడు (ఆమోసు 5:23, 24). పట్టణం నుంచి వచ్చిన బృందానికి వేలకు వేలు చెల్లించడానికి అప్పుచేసి, అదే సంఘంలో ఒక వితంతువు వడ్డీవ్యాపారి గుమ్మం ముందు నిలబడుతుంటే చూడనట్టు ఊరుకుంటే మన డ్రమ్స్ పరలోకంలో ఎలా వినబడతాయి?

ఇందుకు డబ్లిన్ వారు మంచి మాదిరి చూపారు. ఆనాటి ‘మెస్సయ్య’ ప్రదర్శన ఆదాయాన్ని రెండు ఆసుపత్రులకూ, అప్పు తీర్చలేక చెరసాలలో మగ్గుతున్నవారికీ పంచారు. 142 మంది ఖైదీలు విడుదలై ఇళ్లకు చేరారు. వినేవారి పులకింత వారి చెర విప్పింది. పాలమూరు కూలీల వలస బాధ తెలియని ఇల్లు మనలో తక్కువ. ఎక్కడెక్కడో పనిచేసేవారు క్రిస్మస్‌కు ఇల్లు చేరతారు. కార్యక్రమపు కానుకలో ఒక భాగం ముందుగానే పక్కన పెట్టి ఒక కుటుంబం అప్పుకో, ఒక రోగి మందులకో, ఒక పిల్ల చదువుకో ఇస్తామని ఆ వేదికమీదే చెప్పి, మరుసటి వారమే చేసి చూపిద్దాం.

ఇంకొన్ని చిన్న గట్లు కూడా వేసుకుందాం. మొదటి పాట మన సండే స్కూలు పిల్లలకే ఇవ్వాలి. డ్రమ్స్ వచ్చాయని మన డప్పును మూలన పెట్టవద్దు. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర పలికించి 2022లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ నేలమీద పుట్టిన నాదానికి అంత విలువ ఉంది. పురుషోత్తమ చౌదరి వంటి భక్తులు 19వ శతాబ్దంలోనే మన రాగతాళాల్లో క్రీస్తు కీర్తనలు కట్టి ఇచ్చారు. వాటిలో ఒకటైనా గిటారు తోడుగా పాడితే పెద్దల పెదవులు కదులుతాయి, పిల్లలు నేర్చుకుంటారు. ఇక చట్టం మాట. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగలకు ప్రభుత్వం ప్రత్యేకంగా సడలిస్తే తప్ప గడియారం చూసి మైకు కట్టేయాలి. పక్క వీధిలో జ్వరంతో పడుకున్న ముసలాయన ఏ మతంవాడైనా మన పొరుగువాడే. ఆయన నిద్ర కూడా మన సాక్ష్యంలో భాగమే.

ఎజ్రా గ్రంథం మూడవ అధ్యాయంలో ఒక అపురూపమైన దృశ్యం ఉంది. దేవాలయానికి పునాది వేసిన రోజున బూరలు, తాళాలు మోగాయి. మొదటి ఆలయాన్ని చూసిన వృద్ధులు బిగ్గరగా ఏడ్చారు. మిగతా జనం సంతోషంతో కేకలు వేశారు. ఏది ఏడుపో, ఏది కేకో ఎవరూ విడదీసి చెప్పలేకపోయారు. ఆ ధ్వని బహుదూరం వినబడింది. ఒకే ఆవరణలో రెండు తరాలు, రెండు భావాలు, ఒకే దేవుడు!

ఈ డిసెంబరులో పెద్దలు ఇంటి దగ్గర ఉండిపోకుండా వచ్చి ముందు వరుసలో కూర్చోవాలని, యౌవనస్థులు వారి చేయి పట్టుకుని తీసుకురావాలని మా ప్రార్థన. డ్రమ్ము మోగినప్పుడు అందరం కలిసి పులకరిద్దాం. దీపాలు ఆర్పి, టెంటు విప్పాక, గొర్రెల కాపరుల వెనుకే ప్రభువు ఉన్న చోటికి నడుద్దాం. ఆయన ఆకలిగొన్నవారి ఇంట, రోగి పడక దగ్గర, అప్పులపాలైన గుడిసెలో మనకోసం ఎదురుచూస్తున్నాడు.