నీళ్ల రంగే కదా!

సైన్సు ఎగ్జిబిషన్ వచ్చిందంటే మన కాలేజీలో గోదావరి వంతెనలూ, బొగ్గు గనులూ, థర్మోకోల్ కొండలూ లేస్తాయి. వాటికి ఎయిర్‌బ్రష్‌తో ఆక్రిలిక్ రంగు కొట్టడం ఈ మధ్య అలవాటైంది. మంచిదే. ఘాటు థిన్నర్ తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది. నీళ్లు కలిపే ఆక్రిలిక్‌తో ఆ బాధ లేదు. కాని ‘నీళ్ల రంగే కదా, ఏమవుతుందిలే’ అనే ధీమా సైన్సు విద్యార్థులకు తగదని నా అభిప్రాయం.

ఆక్రిలిక్ అంటే నీళ్లలో తేలే సన్నని ప్లాస్టిక్ రేణువులే. నీరు ఆరగానే అవి అతుక్కుని పొర కడతాయి. ఆ పొరను మళ్లీ నీళ్లు కరిగించలేవు. మన భద్రాచలం, కొత్తగూడెం ఎండల్లో ఆ పొర సూది మొన మీదే కట్టేస్తుంది. అందుకే ఆరడం ఆలస్యం చేసే రిటార్డర్, తలతన్యత తగ్గించే ఫ్లో ఇంప్రూవర్ చుక్కలు కలుపుతారు. మొదటిది ఎక్కువైతే రంగు ఆరక జిగటగా ఉండిపోతుంది. రెండోది ఎక్కువైతే కారిపోతుంది.

ఇక కడగడం. వెంటనే కడిగితే చాలావరకు మంచినీళ్లే చాలు. బద్ధకించి ఆరనిస్తేనే ఆల్కహాలో, అమ్మోనియా క్లీనరో కావలసి వస్తుంది. ఆల్కహాల్ ఆవిరి నిప్పందుకుంటుంది. అమ్మోనియా ఇత్తడిని తినేస్తుంది. దానికి బ్లీచింగ్ తోడైతే క్లోరమీన్ విషవాయువు పుడుతుంది. ఇవన్నీ పరీక్షలో రాస్తాం, సింకు దగ్గర మరిచిపోతాం!

మాది మిరప, పత్తి పండించే ఇల్లు. మందు కొట్టే పంపు నాజిల్‌కు అడ్డుపడితే నోటితో ఊదేవాళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. వాళ్లకు చదువు లేదంటాం. మరి హాస్టల్ గదిలో తలుపులు బిగించుకుని, ముక్కుకు మాస్కు లేకుండా రంగు తుంపర పీల్చేవాళ్లను ఏమనాలి? 2,4-డి కలుపుమందు కొట్టిన పంపును సరిగా కడగకుండా పత్తికి వాడితే మొక్క ముడుచుకుపోతుంది. పురుగుమందు డబ్బా మీద విషతీవ్రత తెలిపే రంగు త్రికోణం ఉండాలని 1971 నియమాలు చెప్పాయి. విడమరిచి చెప్పేవాడు లేకపోతే రైతుకు అది ఉత్త బొమ్మే.

కనుక యూనియన్ వారికి నా మనవి. రంగు కొట్టడానికి గాలాడే చోటు, తుంపరను ఆపే మాస్కులు, ప్రతి సీసాకూ పేరు చీటీ, కడిగిన నీళ్లు కాలువలో పోయకుండా ఒక బకెట్టు ఏర్పాటు చేయండి. మిత్రులారా! ఇక్కడ నేర్చుకున్నది సెలవుల్లో చేను దాకా తీసుకుపోదాం. పంపు కడగడానికి పనికిరాని రసాయనశాస్త్రం ఫస్టు క్లాసు తెచ్చిపెడితే మాత్రం ఎవరికి లాభం?