చవకగా వచ్చి త్వరగా వెళ్లిపోయిన డాట్సన్: మొదటి కారు కొనే కుర్రాళ్లకు మిగిల్చిన లెక్క

2025 సెప్టెంబర్ 22న చిన్న కార్లపై జీఎస్టీ తగ్గాక చాలా ఇళ్లలో ఒక పాత చర్చ మళ్లీ మొదలైంది. ఉద్యోగంలో చేరి రెండేళ్లయిన కొడుకు బైకు ఇచ్చేసి కారు తీసుకుందాం అంటాడు. ఎండలో, వానలో ఆటో కోసం నిలబడే బాధ తప్పుతుందని అమ్మీకి సంబరం. అబ్బా మాత్రం "ధర సరే బేటా, ఆ తర్వాత ఖర్చు సంగతేంటి?" అని అడుగుతారు.

అబ్బా అడిగిన ఆ ప్రశ్నకు సరైన జవాబు కావాలంటే డాట్సన్ కథ తెలుసుకోవాలి. సరిగ్గా ఇలాంటి కుర్రాళ్ల కోసమే, తక్కువ ధరలో, చూడ్డానికి స్టైల్‌గా ఉండేలా వచ్చిన బ్రాండ్ అది. 2014లో మన దేశంలో అమ్మకాలు మొదలుపెట్టి 2022లో మూతపడింది. కంపెనీ తన దారి తాను చూసుకుంది. కార్లు మాత్రం కొన్నవాళ్ల ఇళ్ల ముందు ఉండిపోయాయి.

పన్ను ఎంత, తగ్గింపు ఎంత?

ముందు ఇప్పటి లెక్క చూద్దాం. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న పెట్రోల్ కారుపై ఇదివరకు 28 శాతం జీఎస్టీ, 1 శాతం సెస్ ఉండేవి. రెండూ పోయి ఇప్పుడు 18 శాతం జీఎస్టీ ఒక్కటే ఉంది. అంటే పన్ను లేకుండా 100 రూపాయలు పడే కారు అప్పుడు 129కి వస్తే ఇప్పుడు 118కి వస్తుంది. కొనేవాడి చేతిలో మిగిలేది సుమారు ఎనిమిదిన్నర శాతం.

కానీ కొన్ని కార్ల ధర అంతకంటే ఎక్కువే తగ్గింది. మారుతి ఆల్టో కె10 ప్రారంభ ధర 4.23 లక్షల నుంచి 3.70 లక్షలకు, ఎస్-ప్రెస్సో ధర 4.26 లక్షల నుంచి 3.50 లక్షలకు దిగాయి. పన్ను తగ్గింపుకు తోడు కంపెనీ తన వైపు నుంచి కూడా ధర కోసిందని దీని అర్థం. బైకు మీద తిరిగే కుటుంబాన్ని కారులోకి ఎక్కించాలన్న పట్టుదల మళ్లీ కనిపిస్తోంది. పదేళ్ల కింద డాట్సన్ పట్టుదల కూడా ఇదే.

పాతికేళ్ల తర్వాత లేపిన పేరు

డాట్సన్ జపాన్‌లో చాలా పాత పేరు. 1914లో తయారైన ఒక కారుకు ముగ్గురు భాగస్వాముల పేర్లలోని మొదటి అక్షరాలతో 'డాట్' అని పెట్టారు. ఆ తర్వాత వచ్చిన చిన్న కారు డాట్సన్ అయింది. నిస్సాన్ కంపెనీ అమెరికాలో పేరు తెచ్చుకున్నది కూడా ఈ బ్రాండ్ కార్లతోనే. అయితే ప్రపంచమంతా ఒకే పేరు ఉండాలని 1980ల్లో డాట్సన్‌ను పక్కన పెట్టి అన్ని కార్లకూ నిస్సాన్ పేరే పెట్టారు.

2012 మార్చిలో అప్పటి నిస్సాన్ అధినేత కార్లోస్ ఘోన్ ఆ పేరును మళ్లీ బయటికి తీశారు. ఇండియా, ఇండోనేషియా, రష్యా దేశాల్లో మొదటిసారి కారు కొనేవాళ్లు లక్ష్యం. జీవితంలో ఎదుగుతున్న యువతను కంపెనీ 'రైజర్స్' అని పిలిచింది. 2013 జులైలో డాట్సన్ గో కారును గురుగ్రామ్‌లో ప్రపంచానికి చూపించారు. 2014 మార్చిలో 3.12 లక్షల ప్రారంభ ధరతో అమ్మకాలు మొదలయ్యాయి. చెన్నై దగ్గర ఒరగడంలోని రెనో-నిస్సాన్ ఫ్యాక్టరీలో తయారీ.

కాగితం మీద చూస్తే లెక్క బాగానే ఉంది. 1.2 లీటర్ల ఇంజిన్, ఇంట్లో అందరూ కూర్చునేంత చోటు, ఆల్టో ధరలో అంతకంటే పెద్ద కారు. మ్యూజిక్ సిస్టమ్ బదులు ఫోన్ పెట్టుకునే స్టాండ్ ఇచ్చారు, కుర్రాళ్లు పాటలు ఎలాగూ ఫోన్‌లోనే వింటారు కదా అని. 2015 జనవరిలో మూడు వరుసల సీట్లతో గో ప్లస్ 3.79 లక్షలకు, 2016 జూన్‌లో రెడీ-గో 2.38 లక్షలకు వచ్చాయి.

తగ్గించింది ఎక్కడ?

ధర తగ్గించాలంటే ఎక్కడో ఒకచోట ఖర్చు తగ్గించాలి. బీకాం మొదటి ఏడాది విద్యార్థికి కూడా తెలిసిన సంగతే ఇది. గో కారులో ఎక్కడ తగ్గించారో 2014 నవంబర్‌లో దేశానికంతా తెలిసిపోయింది. కార్లను ఢీకొట్టించి భద్రతను కొలిచే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఆ కారును పరీక్షించింది. పెద్దల రక్షణలో సున్నా స్టార్లు వచ్చాయి.

ఎయిర్‌బ్యాగులు లేకపోవడం ఒక్కటే కాదు అసలు సమస్య. ఢీకొన్నప్పుడు కారు బాడీయే నిలబడలేదు. బాడీ అలా నలిగిపోతే ఎయిర్‌బ్యాగు పెట్టినా పెద్దగా ప్రయోజనం ఉండదని ఆ సంస్థ తేల్చింది. సంస్థ చైర్మన్ మాక్స్ మోస్లీ, ఈ కారును అమ్మకాల నుంచి వెనక్కి తీసుకోవాలని కోరుతూ ఘోన్‌కు లేఖ రాశారు.

నిజం చెప్పాలంటే ఆ ఏడాది సున్నా వచ్చింది ఒక్క డాట్సన్‌కే కాదు. ఆల్టో 800, టాటా నానో, ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్, పోలో అన్నిటిదీ అదే ఫలితం. తేడా ఏమిటంటే, పోలో బాడీ గట్టిగా నిలబడింది. ఫోక్స్‌వ్యాగన్ వెంటనే అన్ని పోలోల్లోనూ రెండు ఎయిర్‌బ్యాగులు ఇవ్వడం మొదలుపెట్టింది. అలా చేసిన పోలోకు నాలుగు స్టార్లు వచ్చాయి. గో కారులో రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ అన్ని మోడళ్లకూ రావడానికి 2018 అక్టోబర్ దాకా పట్టింది. 2019లో పరీక్షించిన రెడీ-గోకు దక్కింది ఒక్క స్టారే.

భద్రత ఒక్కటే కారణమా?

డాట్సన్ పోవడానికి ఈ సున్నా ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. 2015 సెప్టెంబర్‌లో రెనో క్విడ్ 2.56 లక్షలకు వచ్చింది. 2016లో దానికీ సున్నా స్టార్లే వచ్చాయి. అయినా జనం క్విడ్‌ను బాగానే కొన్నారు. విచిత్రం ఏంటంటే క్విడ్, రెడీ-గో రెండూ ఒకే పునాది మీద కట్టిన కార్లు. ఇంజిన్లూ అవే. తయారైంది కూడా ఒరగడంలోనే.

తేడా అంతా మనిషి మనసులో ఉంది. క్విడ్ చిన్న ఎస్‌యూవీలా కనిపించింది. పై మోడల్‌లో టచ్‌స్క్రీన్ ఉంది, స్పీడోమీటర్ డిజిటల్. దాన్ని నడిపేవాడు "తక్కువ ధర కారు కొన్నాడు" అని అనిపించుకోలేదు. డాట్సన్ మాత్రం నిస్సాన్ షోరూముల్లోనే, నిస్సాన్ కార్ల పక్కనే, వాటికంటే తక్కువ రకం అన్నట్టుగా అమ్ముడైంది. డాట్సన్ అనే పేరుతో అమెరికా వాళ్లకు జ్ఞాపకాలు ఉండొచ్చు. మన ఊళ్లలో తాతకూ తెలియదు, మనవడికీ తెలియదు.

టాటా నానో దగ్గర ఇదే పాఠం ముందే దొరికింది. వానలో స్కూటర్ మీద తడుస్తూ వెళ్తున్న కుటుంబాన్ని చూసి ఆ కారు ఆలోచన వచ్చిందని రతన్ టాటా చెప్పేవారు. ఉద్దేశం గొప్పది. 2009లో లక్ష రూపాయల కారుగా వచ్చింది. కానీ 'అన్నిటికన్నా చవకైన కారు' అన్న ముద్రే దానికి శాపమైంది. ఆ ముద్ర పడటం పొరపాటేనని టాటా కూడా తర్వాత ఒప్పుకున్నారు. 2018లో నానో తయారీ ఆగిపోయింది. మొదటి కారు కొనేవాడికి కారు అంటే నాలుగు చక్రాలే కాదు, బంధువుల ముందు, వీధిలో కాస్త తలెత్తుకునే విషయం కూడా. తక్కువ ధర కావాలి, తక్కువ అనిపించుకోవడం మాత్రం ఎవరికీ వద్దు.

మూడో కారణం సర్వీస్. మారుతి కారు ఆగిపోతే మండల కేంద్రంలో మెకానిక్ దొరుకుతాడు, స్పేర్ పార్టు కూడా దొరుకుతుంది. నిస్సాన్ సర్వీస్ సెంటర్లు ఎక్కువగా పెద్ద నగరాలకే పరిమితం. చిన్న ఊరి కుర్రాడికి ఇది చిన్న విషయం కాదు.

ఇండోనేషియా, రష్యాల్లో 2020లోనే డాట్సన్ కథ ముగిసింది. 2022 ఏప్రిల్‌లో రెడీ-గో తయారీ ఆపుతున్నట్టు నిస్సాన్ ప్రకటించింది. సర్వీస్, విడిభాగాలు, వారంటీ కొనసాగుతాయని మాట ఇచ్చింది. కానీ బ్రాండ్ ఆగిపోతే రీసేల్ ధరకు ఎవరూ మాట ఇవ్వలేరు. కొన్నప్పుడు మిగిలిన డబ్బు అమ్మేటప్పుడు పోతుంది.

ఇప్పుడు కొనేవాళ్ల లెక్క

షోరూమ్ బోర్డు మీద ఉన్న ధర మొత్తం ఖర్చు కాదు. తెలంగాణలో ఐదు లక్షల లోపు కారుకు 13 శాతం లైఫ్ ట్యాక్స్ ఉంది. 3.70 లక్షల కారుకు అదే 48 వేలు. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. రిజిస్ట్రేషన్, మిగతా చార్జీలు కూడా కలిపితే నాలుగున్నర లక్షలకు దగ్గర పడుతుంది.

లోన్ తీసుకునేవాళ్ల లెక్క ఇంకోటి. ఉదాహరణకు 4 లక్షలు, 10 శాతం వడ్డీకి ఐదేళ్లు అనుకుందాం. నెలకు సుమారు 8,500 కట్టాలి, వడ్డీయే 1.10 లక్షలు. "భాయ్, ఏడేళ్లు పెట్టుకోండి, నెలకు 6,640 చాలు" అని సేల్స్‌మన్ అంటాడు. వినడానికి బాగుంటుంది. కానీ అప్పుడు వడ్డీ 1.58 లక్షలు అవుతుంది. తగ్గిన జీఎస్టీ కంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ.

వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు మన దగ్గర చాలానే ఉన్నాయి. వాళ్లు నగదు కూడబెట్టి కొంటారు, లేదంటే సెకండ్ హ్యాండ్ మార్కెట్ వైపు చూస్తారు. అక్కడ చవకగా కనిపించే కార్లలో డాట్సన్ కూడా ఒకటి. అది కొనకూడదని కాదు. తెలిసి కొనాలి. గో అయితే 2018 అక్టోబర్ తర్వాత వచ్చిన, రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్న కారే చూడాలి. రెడీ-గో ఇంజిన్ క్విడ్‌దే కాబట్టి ఆ భాగాలకు ఇబ్బంది తక్కువ. బంపర్, హెడ్‌లైట్, డోర్ లాంటివి డాట్సన్‌కే ప్రత్యేకం. బయానా ఇచ్చే ముందే అవి ఎక్కడ దొరుకుతాయో, ఎన్ని రోజులు పడుతుందో నిస్సాన్ సర్వీస్ సెంటర్‌లో అడగాలి. పాత లోన్ తీరినట్టు బ్యాంకు ఎన్‌వోసీ చూడాలి. ఆర్‌సీ, బీమా రెండూ తన పేరు మీదికి మార్చుకోవాలి.

కొత్త కారు కొనేవాళ్లకు ఇప్పుడు ఒక సౌకర్యం ఉంది. 2023 అక్టోబర్ నుంచి మన దేశానికే భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్ష ఉంది. కొనాలనుకునే మోడల్‌ను అందులో పరీక్షించి ఉంటే, ఎన్ని స్టార్లో కొనే ముందే చూసుకోవచ్చు. ఆల్టో కె10లో 2025 నుంచి ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలో ఇస్తున్నారు. అంతకంటే 20 వేలు తక్కువకు వచ్చిన ఎస్-ప్రెస్సోలో రెండే. ఆ 20 వేలు దేనికి కడుతున్నామో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తోంది. ఎయిర్‌బ్యాగుల సంఖ్యతో పాటు బాడీ ఎంత గట్టిదో కూడా అడగాలని డాట్సన్ గో నేర్పింది.

చిన్న కారు మీద ఆశ తప్పు కాదు. అమ్మీని ఆసుపత్రికి, చెల్లెల్ని పరీక్ష సెంటర్‌కు వానలో తడవకుండా తీసుకెళ్లాలనుకునే కొడుకు ఆశ అది. అందుకే షోరూమ్‌కు వెళ్లే ముందు కొడుకు, అబ్బా కలిసి కూర్చుని ఒక కాగితం మీద నాలుగు లెక్కలు రాసుకోవాలి: ఆన్-రోడ్ ధర, ఎన్ని స్టార్లు, దగ్గరి సర్వీస్ సెంటర్ ఎంత దూరం, ఐదేళ్ల తర్వాత అమ్మితే ఎంత వస్తుంది. రంగు గురించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.