షెడ్డుకు పరుపెందుకట!

బండి నిలుపుకొను రేకుల షెడ్డునకు లోపల గాజు ఉన్ని పరుపులు వేయుడని మేము చెప్పినప్పుడెల్ల నవ్వువారు కలరు. "మనుష్యులకే పరుపు లేనిచోట బండికి పరుపా?" అని వారి ఎకసక్కెము. మాట వినుటకు సొంపుగానే యున్నది. ఆ షెడ్డులో నేడు పండుకొనుచున్నది ఎవరో చూచి అన్న మాట మాత్రము కాదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. అది మొదలు మన లైనిండ్ల బిడ్డలనేకులు మారికుప్పములో రైలెక్కి బెంగుళూరు పనులకు పోవుచున్నారు. రాత్రి తిరిగి వచ్చినవారికి ఆ చిన్న యింటిలో చోటు చాలదు. కావున ముంగిటి షెడ్డే పడకగది, కుట్టుమిషను గది, పరీక్షల నాడు చదువు గది. బండి బయట వానలో తడియుచున్నది.

"మన పెద్దలు ఈ రేకుల క్రిందనే బ్రతుకలేదా?" అందురు. బ్రతికిరి. 1880 నుండి ఇచ్చట బంగారము త్రవ్వించిన జాన్ టైలర్ కంపెనీవారి కాలమున కూలివానికి దక్కినవి తడికల గోడలు. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించి దిగి, అడుగున రాతివేడి 60 సెంటిగ్రేడు డిగ్రీలు దాటగా, చల్లగాలి పంపుటకు యంత్రములు మాత్రము వచ్చినవి. వేడిని అడ్డగించు విద్య ఈ యూరికి క్రొత్తది కాదు. అది బంగారము దగ్గరకు పోయినది గాని, పనివాని యింటికప్పు దగ్గరకు రాలేదు.

ఆ విద్య పెద్దదియు కాదు. ఎండకు కాగిన రేకు పొయ్యివలె క్రిందికి సెగ చిమ్మును. గాజు ఉన్ని పోగుల నడుమ గాలి కదలక నిలిచి ఆ సెగను ఆపును. ఆపునది గాలియే, గాజు కాదు. అందుచేత పరుపును నొక్కి ఇరికింపరాదు. 50 మిల్లీమీటర్ల పరుపును 25కు అదిమినచో ఫలము ఇంచుమించు సగము పోవును. వెండివలె మెరయు వైపు రేకును చూచునట్లు, నడుమ ఒక అంగుళము ఖాళీ విడిచి బిగింపవలెను. రేకు పైభాగమున ముందుగా తెల్ల సున్నము కొట్టుడు. అన్నిటికంటె చౌక అదియే. రాత్రి కిటికీ తెరువకున్నచో లోపలి వేడి లోపలనే నిలుచును. పరుపు వేసిన గదిలో బండి ఇంజను నడుపుట ప్రాణాంతకము. థర్మోకోలు చౌకయని దానిని తెచ్చువారికి మా విన్నపమొకటి: అది అంటుకొన్నచో వచ్చు పొగ విషము.

ఇక సిమెంటు రేకుల మాట. ఇచ్చట మాకు కోపము వచ్చుచున్నది. పరుపు బిగించుటకని ఆస్బెస్టాసు కలిసిన పాత రేకునకు డ్రిల్లుతో తూట్లు పొడుచువారున్నారు. ఆ ధూళి క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచునే యున్నది. 1940-46 నడుమ జరిగిన పరీక్షలలో మన గనిపనివారిలో నూటికి 40 మందికి పైగా రాతిధూళి వలని సిలికోసిస్ కనబడినది. ఆ దగ్గు వినుచు పెరిగిన యూరివారు మరియొక ధూళిని తమ పడకగదిలోనికి దించుకొనుట ఏమి తెలివి? రేకును ముట్టకుడు, దాని క్రింద వేరుగా చట్రము కట్టి, దానికి పరుపు తగిలింపుడు.

గాజు ఉన్నియు అట్టిదే గదా యని భయపడువారు కలరు. ఇంటి కప్పులకు వాడు గాజు ఉన్ని క్యాన్సరు కలిగించునని తేల్చుటకు ఆధారము చాలదని అంతర్జాతీయ నిపుణులు 2001లో నిర్ణయించిరి. అయినను అది ఒంటిని గీరును, గొంతు మండించును. ముక్కునకు గుడ్డ, చేతులకు తొడుగు, పొడుగు చేతుల చొక్కా ఉండవలెను. పని ముగిసిన పిదప పలక కప్పి ఉన్నిని మూసివేయవలెను. ఈ జాగ్రత్తలు కట్టపై ఆంగ్లములో ఉన్నచో మన తల్లులు చదువలేరు. అందుకే తెలుగున వ్రాయుచున్నాము.

నవ్వువారు ఏప్రిల్ నెలలో మధ్యాహ్నము 3 గంటలకు వచ్చి, సున్నమైనను లేని రేకు క్రింద ఒక గంట కూర్చుండుడు. కుర్చీ మేమే వేసెదము.