చెరువుగట్టు మీద చెల్లని మాట

భీమవరంలో అడిగినా, పాలకొల్లులో అడిగినా, అమలాపురం బస్టాండులో టీ తాగుతున్నవాళ్లని అడిగినా ఒకటే జవాబు వస్తుంది: "రైతుకి ఇన్‌కంటాక్సేంటండీ బాబూ?" ఆ మాటన్న మనిషికి పదెకరాల వరిచేను ఉండొచ్చు, ఐదెకరాల రొయ్యల చెరువు ఉండొచ్చు, కోళ్ల షెడ్డు ఉండొచ్చు. జవాబు మాత్రం మారదు. మనకి పన్ను లేదు, రిటర్ను వెయ్యడమంటే పోయే పాముని పిలిచి మెడలో వేసుకోవడమే అన్నది డెల్టాలో చదువుకున్నవాళ్లు కూడా ఎదురు చెప్పని సిద్ధాంతం అయి కూర్చుంది.

నేను ఎదురు చెబుతున్నాను. ఈ నమ్మకం చిన్న ఆక్వా రైతుని ఏనాడూ కాపాడలేదు. లేని పన్నుని అతని నెత్తిన పెడుతోంది, వచ్చిన నష్టం లెక్కకు రాకుండా చేస్తోంది, తీరా బాకీ నోటీసు వచ్చిన రోజున అతనికి నోరు పెగలకుండా చేస్తోంది.

రైతుకు పన్ను లేదని చట్టంలో ఎక్కడా రాసి లేదు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదని రాసి ఉంది. మనిషి ఎవరన్నది అక్కడ అనవసరం, ఆ రూపాయి ఏ పని మీద వచ్చిందన్నదే ప్రశ్న. 1857 తిరుగుబాటుతో ఖాళీ అయిన ఖజానా నింపుకోవడానికి 1860లో తొలిసారి ఆదాయపు పన్ను వేసినప్పుడు తెల్లదొరలు వ్యవసాయాన్ని కూడా వదల్లేదు. 1886 చట్టంలో వదిలారు. భూమిశిస్తు ఎలాగూ కడుతున్నారు కదా, దాని మీద ఇంకో భారం ఎందుకన్న వాదన అప్పటిది. స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం వ్యవసాయ ఆదాయం మీద పన్నుని రాష్ట్రాల జాబితాలో పెట్టింది. మరి ఏది వ్యవసాయం? 1957లో రాజా బినోయ్ కుమార్ సహస్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది. దున్నడం, విత్తడం, నాటడం లాంటి మూలమైన పని నేల మీద జరగాలి. నేలతో ఏదో ఒక సంబంధం ఉన్నంత మాత్రాన పశువుల పెంపకం, పాడి, కోళ్లు వ్యవసాయం అయిపోవు. 1961 చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 చట్టం కూడా ఈ గీతని చెరపలేదు.

ఈ గీత పట్టుకుని మన జిల్లాల్లో ఒకసారి తిరిగి చూడండి. కోనసీమలో కొబ్బరికాయ దింపి అమ్మితే వ్యవసాయ ఆదాయం. అనపర్తి కోళ్ల ఫారాల్లో గుడ్డు అమ్మితే వ్యాపారం. కడియం, కడియపులంక నర్సరీల్లో మొక్క నేలలో కాక కవర్లోనో కుండీలోనో పెరుగుతుంది కాబట్టి అది వ్యవసాయమేనా అన్న తగువు చాలాకాలం నడిచింది. 2008 ఫైనాన్సు చట్టంతో నర్సరీ మొక్కల ఆదాయం వ్యవసాయ ఆదాయమేనని పార్లమెంటు స్పష్టంగా రాసింది, తగువు తెగింది. ఉండి, ఆకివీడు, నరసాపురం చెరువుల్లో పెరిగే రొయ్యకీ చేపకీ అలాంటి వాక్యం ఎవరూ రాయలేదు. అది వ్యాపార ఆదాయమే. పొలం యజమాని హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉండి లీజు తీసుకుంటున్నా ఇదే లెక్క: అదే సర్వే నంబరు, అదే గట్టు, వరికి కౌలుకిస్తే ఆ డబ్బు వ్యవసాయ ఆదాయం, రొయ్యలకి లీజుకిస్తే కాదు.

"చెరువూ నేలేగా, రొయ్యా పంటేగా?" అంటారు. ఈ ప్రశ్నలో న్యాయం లేదనను. సీడు పోసిన రోజు నుంచి పట్టుబడి దాకా రాత్రుళ్లు నిద్ర లేకుండా ఏరియేటర్ల చప్పుడు వింటూ కాపలా కాసేవాడు, వైట్‌స్పాట్ తగిలితే మూడు రోజుల్లో మొత్తం పోగొట్టుకునేవాడు వరి రైతుకన్నా తక్కువ రైతేం కాదు. కానీ న్యాయం మన వైపుంటే దాన్ని చట్టంగా రాయించుకోవాలి, నర్సరీల విషయంలో జరిగింది అదే. రాయించుకోకుండా, రాసేసినట్టే బతకడం వల్ల దెబ్బ తగిలేది చెరువు లీజుకి తీసుకున్న చిన్నవాడికే.

ఎలా తగులుతుందో లెక్క వేసి చూపిస్తాను. ఐదెకరాలు లీజుకి తీసుకుని రెండు పంటలు వేసిన రైతుకి ఏడాదికి 40 లక్షల అమ్మకం జరిగిందనుకుందాం. సీడు, మేత, మందులు, కరెంటు, లీజు, కూలీ పోగా మిగిలేది ఎంతో చెరువు చేసినవాళ్లకి తెలుసు. చిన్న వ్యాపారులకి చట్టం ఒక దారి ఇచ్చింది: అమ్మకం 2 కోట్ల లోపైతే పుస్తకాలు రాయక్కర్లేదు, బ్యాంకు ద్వారా వచ్చిన డబ్బులో 6 శాతం, నగదులో 8 శాతం లాభంగా చూపిస్తే చాలు. 40 లక్షలూ బ్యాంకులోనే పడితే లాభం 2 లక్షల 40 వేలు. ఈ రైతు కట్టాల్సిన పన్ను సున్నా, డబ్బంతా నగదుగా వచ్చినా సున్నానే. ఇప్పుడు ఇదే మనిషి మనం రైతులమే కదా అని రిటర్ను వెయ్యలేదు. సేవింగ్సు ఖాతాలో ఏడాదిలో 10 లక్షలు దాటి నగదు పడితే బ్యాంకు ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకి పంపుతుంది. శాఖ అడుగుతుంది, ఇతను పలకడు. పలకనివాడి విషయంలో అధికారి తనకి తోచినట్టు తేల్చెయ్యొచ్చు. 40 లక్షలూ లెక్క తెలియని డబ్బని తేలిస్తే, 2016లో నోట్ల రద్దు తర్వాత తెచ్చిన, 2025-26 ఆదాయం దాకా వర్తించే రేటు ప్రకారం 60 శాతం పన్ను, దాని మీద 25 శాతం సర్‌చార్జి, ఆ రెంటి మీద 4 శాతం సెస్సు. మొత్తం 31 లక్షల 20 వేలు. సున్నాకీ దీనికీ మధ్య ఉన్నది వెయ్యని రిటర్ను ఒక్కటే.

కమీషన్ ఏజెంటు సంగతి ఇంకా ఘోరం. పది చెరువుల సరుకు డబ్బు తన ఖాతాలో తిప్పుతాడు. అందులో తనది కమీషన్ మాత్రమే. కానీ ఖాతాలో కనిపించేదంతా అతనిదే అనుకోవడానికి వీలుంటుంది. పైగా 6 శాతం దారి కమీషన్ వ్యాపారానికి వర్తించదు. మిగతాది ఫలానావాళ్లదని చూపించడానికి అతని దగ్గర ఏముంటుంది? పట్టుబడి నాడు తెల్లవారుజామున గట్టు మీద, ఐసు పెట్టెల పక్కన, రాసే చీటీ ఒకటి చూడండి. తూకం ఉంటుంది, కౌంటు ఉంటుంది, రేటు ఉంటుంది. అమ్మినవాడి పేరుండదు, తేదీ కూడా అరుదే. సాయంత్రానికి అది చొక్కా జేబులో చెమటకి తడిసి, ఉతుకులో పోతుంది.

"12 లక్షల దాకా పన్నే లేదుగా, ఇంకెందుకు?" అనేవాళ్లు 2025 బడ్జెట్ తర్వాత పెరిగారు. 12 లక్షలన్నది రిబేటు వల్ల వచ్చే మినహాయింపు. రిటర్ను వెయ్యాల్సిన హద్దు కొత్త విధానంలో 4 లక్షల దగ్గరే ఉంది. ఆదాయంతో నిమిత్తం లేకుండా రిటర్ను వేసి తీరాల్సిన సందర్భాలు కూడా చట్టంలో ఉన్నాయి. ఏడాదికి కరెంటు ఖర్చు లక్ష దాటడం వాటిలో ఒకటి. మీటరు తన పేరున ఉండి, రాత్రంతా ఏరియేటర్లు తిప్పే రైతు ఈ ఒక్క షరతు కింద ఎంత తేలిగ్గా వస్తాడో చెప్పనక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది నష్టం సంగతి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు చెరువుగట్టు మీద రేటు ఏమైందో డెల్టా చూసింది. అలాంటి ఏడాదిలో 6 లక్షలు నష్టపోయిన రైతు, ఖర్చుల కాయితాలు దాచుకుని గడువులోపు రిటర్నులో ఆ నష్టం చూపిస్తే, దాన్ని ఎనిమిదేళ్ల దాకా తర్వాతి లాభాల్లోంచి తీసేసుకోవచ్చు. మరుసటి ఏడు 14 లక్షలు మిగిలాయనుకోండి. పాత నష్టం తీసేస్తే 8 లక్షలు, కొత్త విధానంలో పన్ను లేదు. నష్టం చూపించకపోతే 14 లక్షల మీద 93,600 రూపాయలు కట్టాలి. పంట పోయిన రోజున మేత కంపెనీ డీలరు అప్పు రాసుకుంటాడు, బ్యాంకు వడ్డీ రాసుకుంటుంది. రైతు నష్టాన్ని రాసుకోవడానికి చట్టంలో ఉన్న ఒకే ఒక్క చోటు ఆ రిటర్ను. దాన్ని పాము అని చెప్పి అతన్ని దాని దగ్గరికి పోనివ్వడం లేదు మనం.

నిజంగా వ్యవసాయం చేసేవాడికైనా రైతుకి పన్నేంటన్న ఈ మాట అక్కరకొస్తుందా? వ్యవసాయ ఆదాయమని నిలబెట్టాలంటే అడంగల్, 1-బి, పాసుపుస్తకం, కౌలు కాయితం, అమ్మిన బిల్లు కావాలి. 2019 చట్టం ప్రకారం పదకొండు నెలలకిచ్చే పంట సాగుదారు హక్కుల కార్డుకి కూడా యజమాని సంతకం పెట్టడానికి జంకుతాడు. నేలలో దిగి నాటినవాడి పేరు ఏ కాయితంలోనూ ఉండదు. పాసుపుస్తకం ఉన్న పెద్దమనిషి మాత్రం కొడుకు వీసా కోసం మూడేళ్ల రిటర్నులు ఒక్కసారే వేయించి, అదే నేల మీద వ్యవసాయ ఆదాయం లక్షల్లో చూపిస్తాడు. వ్యవసాయ ఆదాయం మినహాయింపు ఇచ్చిన కేసుల్ని కాగ్ తిరగేసి 2019లో నివేదిక ఇచ్చింది. అందులో ఐదో వంతుకు పైగా కేసుల్లో సరైన కాయితాలు చూడకుండానే మినహాయింపు ఇచ్చేశారని తేలింది. రైతుకి పన్నేంటన్న మాటని గట్టిగా కాపాడుతున్నది ఎవరో, దాని కింద నలిగేది ఎవరో ఇక్కడే తెలుస్తుంది.

ఇక బాకీ. నోటీసు వచ్చిందంటే ఊరంతా ఇచ్చే సలహా రెండు రకాలు: "ఊరుకో, వాళ్లే మాఫీ చేస్తారు", లేదా "ఆఫీసులో మనవాడున్నాడు, పది శాతం పడేస్తే చూసుకుంటాడు."

మాఫీ మాటకి ఆధారం 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్. అందులో రద్దు చేసింది 2009-10 దాకా ఉన్న 25 వేల లోపు బాకీలు, 2010-11 నుంచి 2014-15 దాకా ఉన్న 10 వేల లోపు బాకీలు. ఆ తర్వాతి బాకీలకి అందులో చోటు లేదు. ఊరుకుంటే జరిగేది వేరు. డిమాండు నోటీసు అందిన 30 రోజులు దాటగానే వడ్డీ మొదలవుతుంది, నెలకి 1 శాతం, మన భాషలో నూటికి రూపాయి వడ్డీ. 3 లక్షల బాకీకి ఏడాదికి 36 వేలు. రావాల్సిన రిఫండు దానికి జమ అయిపోతుంది, బ్యాంకు ఖాతా జప్తు కావొచ్చు. మనిషి పోతే వారసులకి వచ్చిన ఆస్తి విలువ మేరకు ఆ బాకీ కూడా వాళ్లకి వస్తుంది.

"మనవాడు" సంగతికొస్తే, 2019 అక్టోబరు 1 నుంచి శాఖ పంపే ప్రతి ఉత్తరం మీదా ఒక గుర్తింపు సంఖ్య ఉండాలి, అది నిజమో కాదో శాఖ పోర్టల్లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఇప్పుడు చాలా కేసులు ముఖం చూడని పద్ధతిలో, దేశంలో ఏ మూలో ఉన్న అధికారి చేతిలో తేలుతున్నాయి. ఆ పది శాతం ఎవరి జేబులోకి పోతుందో ఇచ్చినవాడు ఆలోచించుకోవాలి.

చెయ్యాల్సింది వేరే ఉంది, అది కష్టం కూడా కాదు. పోర్టల్లో "పెండింగ్ యాక్షన్స్" కింద "రెస్పాన్స్ టు అవుట్‌స్టాండింగ్ డిమాండ్" అని ఒక వరస ఉంటుంది. అది నొక్కితే బాకీ ఎంతో, ఏ ఏడాదిదో కనిపిస్తుంది. ఒప్పుకుంటే కట్టడం, ఒప్పుకోకపోతే కారణం రాయడం అక్కడే. లెక్కలో తప్పు పడితే సరిదిద్దమని అడగొచ్చు, నాలుగేళ్ల గడువుంది. తీర్పే తప్పైతే 30 రోజుల్లో అప్పీలు, దాని రుసుము ఎక్కువలో ఎక్కువ 1,000 రూపాయలు. అప్పీలు తేలేదాకా వసూలు ఆపమని అడిగితే మామూలుగా కొంత భాగం కట్టించుకుని ఆపుతారు. ఒక్కసారి కట్టలేనివాడు వాయిదాలు అడగొచ్చు. ఇవన్నీ అడిగినవాడికే.

అడగాలంటే ముందు నోటీసు వచ్చిందని తెలియాలి కదా! డెల్టాలో ఎంతోమంది పాన్ ఖాతాలో ఉన్న మొబైల్ నంబరు, ఈమెయిలు వాళ్లవి కావు. ఎప్పుడో లోను కోసం రిటర్ను వేసినప్పుడు ఆడిటరు గారి గుమాస్తా తన నంబరు పెట్టాడు. ఆ కుర్రాడు మానేసి హైదరాబాదు వెళ్లిపోయాడు. నోటీసులు అతని ఫోనుకి పోతున్నాయి. 30 రోజులూ అక్కడే గడిచిపోతున్నాయి. ఆడిటర్లూ దీనికి జవాబు చెప్పాలి. రైతు నంబరు రైతుదే పెట్టడానికి వాళ్లకి అయ్యే ఖర్చేమీ లేదు.

పన్ను కట్టకపోవడాన్ని పౌరుషంగా చెప్పుకునేవాళ్లకి ఒక్క మాట. 1921-22లో పెదనందిపాడు రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి వెనక నిలబడి శిస్తు కట్టం అన్నారు. పేరు పెట్టి, ఊరు చెప్పి, సర్కారు మొహం మీదే అన్నారు, జప్తులకి సిద్ధపడి అన్నారు. ఆ పేరుని మన దాపరికానికి అడ్డం పెట్టుకోకండి.

రొయ్యకి రేటు పడిపోతే, కరెంటు యూనిట్ ధర పెరిగితే ఆక్వా రైతు సంఘాలు రోడ్డెక్కుతాయి, ఎక్కాలి కూడా. వాళ్ల కోర్కెల చిట్టాలో మరో మూడు చేరాలి. కౌలుదారుకీ లీజుదారుకీ యజమాని కాయితం రాసివ్వడం. పట్టుబడి చీటీ మీద అమ్మినవాడి పేరు, తేదీ, డబ్బు బ్యాంకులోకి రావడం. చెరువు ఆదాయాన్ని వ్యవసాయంగా చూడాలనుకుంటే, నర్సరీలకి 2008లో రాసిన వాక్యం లాంటిది తమకీ రాయమని పార్లమెంటుని పేరు పెట్టి అడగడం. మొదటి రెంటికీ ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు, వచ్చే లీజు రాసుకునే రోజున మొదలుపెట్టొచ్చు.