ఏసీ చల్లదనం ఇంట్లో ఎవరికి?

ఏసీలు 20 డిగ్రీల కంటే తగ్గకుండా, 28 డిగ్రీల కంటే పెరగకుండా పరిమితి పెట్టనున్నట్లు కేంద్ర విద్యుత్‌ శాఖ మంత్రి మనోహర్‌లాల్‌ ఖట్టర్‌ 2025 జూన్‌లో చెప్పారు. ఆ మాట ఇళ్లలో పెద్ద చర్చే లేపింది. ‘మా గదిలో ఎన్ని డిగ్రీలు ఉండాలో కూడా ప్రభుత్వమే చెబుతుందా?’ అని కొందరన్నారు. ‘పద్దెనిమిదిలో పెట్టి రగ్గులు కప్పుకొనేవాళ్లకు అలాగే కావాలి’ అని ఇంకొందరన్నారు. ఈ వాదనలో అసలు ప్రశ్న ఒకటి మరుగున పడింది. మధ్యతరగతి ఇంట్లో చాలావరకు ఉండేది ఒకే ఏసీ. అదీ పడకగదిలో. వేడి వల్ల ఎక్కువ ముప్పున్న నాయనమ్మో, తాతయ్యో మాత్రం హాల్లో ఫ్యాన్‌ కింద పడుకుంటారు.

ఎండ 35... ఒంటికి 45

మన ఒంటిని చల్లబరిచేది చెమట ఆరడం. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, కారిపోతుంది. ఒంట్లోని నీళ్లు, లవణాలు పోతాయి గానీ వేడి పోదు. అందుకే మే నెలలో హైదరాబాద్‌లో 40 డిగ్రీలున్నా నీడకు చేరితే కాస్త తెరిపిగా ఉంటుంది. విశాఖలోనో, మచిలీపట్నంలోనో 35 డిగ్రీలే ఉన్నా నీడలోనూ ప్రాణం ఉసూరుమంటుంది.

లెక్కలో చూస్తే ఇది మరింత స్పష్టం. 35 డిగ్రీల వేడికి 40 శాతం తేమ తోడైతే ఒంటికి సుమారు 37 డిగ్రీల్లా అనిపిస్తుంది. తేమ 60 శాతానికి చేరితే అది దాదాపు 45 డిగ్రీల్లా ఉంటుంది. టీవీలో కనిపించే ఉష్ణోగ్రత మాత్రం రెండు రోజులూ 35 డిగ్రీలే.

హెచ్చరికల్లోనూ ఈ చిక్కు ఉంది. వాతావరణ శాఖ వడగాడ్పులు ప్రకటించాలంటే మైదాన ప్రాంతాల్లో కనీసం 40, తీర ప్రాంతాల్లో కనీసం 37 డిగ్రీలు నమోదు కావాలి. సాధారణం కంటే ఎంత పెరిగిందన్నదీ చూస్తారు. రాత్రి వేడిగా ఉందని ప్రకటించాలన్నా పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరాలి. అంటే పగలు 36 డిగ్రీలుండి, రాత్రంతా ఉక్కపోతతో నిద్ర పట్టకపోయినా వడగాడ్పుల హెచ్చరిక రాకపోవచ్చు. ‘వేడి, ఉక్కపోత’ అంటూ విడిగా వచ్చే హెచ్చరికలనూ అంతే గట్టిగా పట్టించుకోవాలి.

రాత్రి తెరిపి లేకపోతే...

పగలంతా వేడెక్కిన గుండె, కిడ్నీలు కాస్త కోలుకునేది రాత్రిపూటే. డాబా మీది స్లాబు పగలు తాగిన వేడిని రాత్రి ఇంట్లోకి వదులుతుంది. పై అంతస్తులో ఉండేవారికి ఇది అనుభవమే. వయసు పెరిగేకొద్దీ దాహం సరిగా తెలియదు, చెమటా తగ్గుతుంది. చర్మానికి ఎక్కువ రక్తం పంపడానికి గుండె అదనంగా శ్రమించాలి. బీపీకి, గుండెకు వాడే మందుల్లో మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి ఉంటే ఒంట్లో నీరు ఇంకా త్వరగా తగ్గుతుంది. అలాగని మందులు సొంతంగా మానేయకూడదు. ఎండలు ముదరకముందే డాక్టర్ను ఒకసారి అడగాలి.

2015 మే వడగాడ్పులకు దేశంలో 2 వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ వారే. బయట ఎండలో పనిచేసేవారితో పాటు వృద్ధులూ అందులో ఉన్నారు. ఇంట్లోనే ఉన్నారు కదా అని పెద్దవాళ్ల గురించి నిశ్చింతగా ఉండలేం.

‘నాకు ఏసీ పడదమ్మా’ అంటారు అత్తయ్య. అందులో కొంత నిజమే. చల్లగాలి నేరుగా తగిలితే కీళ్ల నొప్పులు పెరిగినట్లుంటుంది. మిగతాది మొహమాటం. కొడుకూ కోడలూ పడుకునే గదిలోకి ఎలా వెళ్లడమని. ఇంకొంచెం కరెంటు బిల్లు భయం, స్లాబు మారిపోతుందని. ఈ మూడింటికీ మార్గం ఉంది.

26లో ఏసీ, పైన ఫ్యాన్‌

స్టార్‌ రేటింగ్‌ ఉన్న ఏసీలు ఆన్‌ చేయగానే 24 డిగ్రీల్లో మొదలవ్వాలని 2020 జనవరి నుంచి నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతోంది. అంటే 20కి బదులు 26లో పెడితే ఏసీకయ్యే కరెంటు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఏసీని 27లో పెట్టి ఫ్యాన్‌ వేసుకుంటే గది మరో 4 డిగ్రీలు చల్లగా అనిపిస్తుందన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

ఉక్కపోత ఊళ్లలో ఏసీ చేసే అసలు మేలు గాలిలోని తేమను లాగేయడం. బయట పైపు నుంచి కారే నీళ్లు అవే. తేమ తగ్గితే 26 డిగ్రీల్లోనూ చెమట ఆరుతుంది, నిద్ర పడుతుంది. వానాకాలం మొదట్లో వేడి తక్కువ, జిడ్డు ఎక్కువ ఉన్నప్పుడు ‘డ్రై’ మోడ్‌ సరిపోతుంది. 16లో పెడితే గది త్వరగా చల్లబడుతుందన్నది అపోహే. గదికి మించిన పెద్ద ఏసీ కొన్నా గాలి చల్లబడగానే ఆగిపోయి తేమను వదిలేస్తుంది. ఫిల్టర్‌ను రెండు వారాలకోసారి కడగాలి.

కూలర్‌ సంగతి వేరు. అది గాలికి తేమ కలిపి చల్లబరుస్తుంది. పొడి ఎండల్లో కిటికీ తెరిచి పెడితే బాగా పనిచేస్తుంది. తీరంలో, అదీ తలుపులు మూసిన గదిలో అయితే ఉక్కపోత పెరుగుతుంది.

ఏసీ లేని ఇంట్లో తడిగుడ్డతో చేతులు, మెడ, కాళ్లు తుడిచి ఫ్యాన్‌ కింద ఉంచితే మంచి ఉపశమనం. అయితే గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్‌ వేడిగాలినే ఒంటికి కొడుతుంది. అప్పుడు చల్లటి చోటికి మార్చడమే మేలు. డాబాకు తెల్ల పూత వేయిస్తే పై అంతస్తులో వేడి తగ్గుతుంది. ఇలాంటి ‘కూల్‌ రూఫ్‌’లను ప్రోత్సహించడానికి తెలంగాణ 2023లో ప్రత్యేక విధానమే తెచ్చింది.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

మాట తడబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, మగత, ఒళ్లు కాలిపోతుండటం వడదెబ్బ గుర్తులు. చెమట పడుతోంది కదా అని ధీమా వద్దు. వెంటనే 108కి ఫోన్‌ చేయండి. అంబులెన్స్‌ వచ్చేలోగా ఒంటి మీద నీళ్లు పోస్తూ ఫ్యాన్‌ వేయండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. జ్వరం మాత్ర ఇక్కడ పనిచేయదు.

ఆ పరిస్థితి రాకుండా చూడటం మన చేతుల్లోనే ఉంది. ఈ రాత్రికి పెద్దవాళ్ల మంచాన్ని ఏసీ గదిలోకి మార్చండి. గాలి నేరుగా తగలని మూల వేసి, పక్కన నీళ్ల సీసా పెట్టండి. గది చిన్నదైతే పిల్లలతో పాటు అందరూ కింద పరుపులు వేసుకుని ఒకే గదిలో సర్దుకోవచ్చు. ఒక్క ఏసీ బిల్లుతో ఇల్లంతా నిద్రపోతుంది.