ఓడినా కారణం కనబడాలి

ఫోన్లో టెన్నిస్ ఆడే పిల్లవాణ్ణి చూస్తే మా అరసవల్లిలో పెద్దవాళ్లు ‘కళ్లు పోతాయిరా’ అని కసురుతారు. నేను కసరలేను. మైదానంలో క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ తప్ప వేరే ఆట కనబడని పిల్లలకి టెన్నిస్ లోగుట్టు తెలిసే దారి ఆ ఫోనే.

తొలినాటి వీడియో గేముల్లో ఒకటి టెన్నిసే. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలకి వచ్చే సందర్శకుల కోసం విలియం హిగిన్‌బాథమ్ అనే శాస్త్రవేత్త ఆసిలోస్కోప్ తెర మీద ‘టెన్నిస్ ఫర్ టూ’ తయారుచేశాడు. మర తిప్పితే కోణం, బొత్తాం నొక్కితే దెబ్బ. 1972లో ‘పాంగ్’ వచ్చాక ఊరూరా తెర మీద బంతి ఆడింది.

మా మేనల్లుడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తాను. బంతిని ఐమూలగా ఎడమ మూలకి పంపుతాడు. అవతలివాడు పరిగెత్తి తీస్తాడు. మళ్లీ ఎడమకే. ఈసారి అవతలివాడు ముందే అటు ఒరుగుతాడు. అప్పుడు బొటనవేలు కుడివైపుకి జారుతుంది, పాయింటు వస్తుంది. ఐమూలగా కొట్టడమే క్షేమమని వాడికెవరూ చెప్పలేదు. నెట్ గుంజల దగ్గర 107 సెంటీమీటర్లుంటే నడిమధ్య 91. కోర్టు నిలువునా 23.77 మీటర్లయితే ఐమూలకి 25 దాటుతుంది. ఈ లెక్క చదవకుండానే వాడి వేలికి పట్టుబడింది. విశాఖలో ఎదిగిన సాకేత్ మైనేని 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి స్వర్ణం గెలిచిన ఆట ఇదేనని చెబితే వాడి కళ్లు మెరిశాయి.

నా కోపం వేరే చోట ఉంది. మొన్న బాగా ఆడి కూడా వరుసగా ఓడిపోయాడు. “ఆడి రాకెట్టు లెవెలు పెద్దది మావయ్యా, నానేటి సేత్తాను?” అన్నాడు. నిజమే. ఆ గేములో రాకెట్‌కి, బూట్లకి, పట్టుకి లెవెళ్లున్నాయి. గెలిస్తే ఒక సంచి ఇస్తారు, అది తెరుచుకోవడానికి గంటలు ఆగాలి, డబ్బు కడితే వెంటనే తెరుచుకుంటుంది. ప్రతి మ్యాచ్‌కీ నాణేలు కట్టాలి, ఓడితే అవి పోతాయి. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం ఆన్‌లైన్‌లో డబ్బు పందెం ఆటల్ని నిషేధించింది. ఇందులో గెలిచింది నగదుగా రాదు కాబట్టి దీన్ని ఆ కోవలో వేయలేం. కానీ పదమూడేళ్ల పిల్లవాడికి అలవాటయ్యేది పందెమే.

ఓటమి టెన్నిస్‌కి కొత్త కాదు, కానీ దాని కారణం కనబడాలి. 2011 నాటి ‘టాప్‌స్పిన్ 4’ గేము తర్వాత 13 ఏళ్లకి, 2024లో వచ్చిన ‘టాప్‌స్పిన్ 2కె25’లో బొత్తాం వదిలిన క్షణాన్ని బట్టి దెబ్బ తొందరపడిందో ఆలస్యమైందో తెర మీద పడుతుంది. చిరాకు పుడుతుంది, కానీ ఆ చిరాకు మనల్ని దిద్దుతుంది. కాకపోతే దానికి కన్సోలో, ఖరీదైన కంప్యూటరో కావాలి. మా వీధుల్లో ఎన్ని ఇళ్లకి సాధ్యం?

ర్యాలీ మధ్యలో సిగ్నల్ పడిపోతే పాయింటు పోవడం ఇంకో బాధ. రథసప్తమికి మా ఊరి గుడికి వచ్చే జనంలో ఐతే ఆ ఊసే ఎత్తక్కర్లేదు. దాన్ని పిల్లలు ఓర్చుకుంటున్నారు. కొనుక్కున్న రాకెట్ చేతిలో ఓడడాన్ని మాత్రం వాళ్లెందుకు ఓర్చుకోవాలి? ఇద్దరికీ ఒకే రాకెట్, ఒకే బూట్లు ఇచ్చి ఆడించే మ్యాచ్ ప్రతి ఫోన్ గేములోనూ ఉచితంగా ఉండాలి. అలాగే ఊళ్లో టెన్నిస్ కోర్టు చేతిలో ఉన్నవాళ్లు వారానికి ఒక పూటైనా దాన్ని ఈ పిల్లలకి వదలాలి.